కోరి తెచ్చుకున్న కండ్లకలక

మనిషి చెడిపోవడానికి తాగుడు, జూదం లాంటి రాచమార్గాలు చాలా ఉన్నాయి. నేను వాటి జోలికి పోలేదు. జానెడు పసుపుగుడ్డతో, పైసా ఖర్చు లేకుండా, మూడు రోజుల్లో చెడిపోయాను. ఎట్లాగో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చదువుతూ కండ్లు మాత్రం నలుపుకోకండి.

నాలుగేండ్ల కిందటి మాట. మాది కోడుమూరు దగ్గర నేతగాళ్ల వీధి. మా మామకు ఒక్కతే కూతురు, సుంకమ్మ. ఆమెను అడిగే హక్కున్న మేనల్లుళ్లం ఇద్దరం: నేనూ, మా పెద్దమ్మ కొడుకు వీరన్నా. ఒకనాడు మామ ఇద్దరినీ కూచోబెట్టి తేల్చేశాడు.

"నా ఇంట్లో రెండో మగ్గం ఊరకే పడుండాది. దాని మీద కూచునేటోడే నా అల్లుడు. చెరో చీర నెయ్యండప్పా. పున్నమి నాడు వచ్చి చూస్తా. ఎవని అంచు సక్కగుంటే వానికే పిల్ల."

వీరన్న మంచివాడు. నెమ్మదిగా నేస్తాడు. పున్నమి ఇంకా పది రోజులుందనగా నా చీరకు ఇంక నాలుగు రోజుల పనే మిగిలింది. వాడిది సగం కూడా కాలేదు. సరిగ్గా అప్పుడే వాడికి కండ్లకలక పట్టుకుంది. కండ్లు పండుమిరపకాయల్లా వాచి, పుసులు కారి, పడుగు పోగు కనబడక వాడి మగ్గం ఆగిపోయింది.

బుద్ధి ఉన్నవాడైతే ఏం చేయాలి? లోపల సంతోషపడి, పైకి అయ్యో అని, గబగబా నేసుకోవాలి. నేనూ ఒక పూట అదే చేశాను. సాయంత్రం సుంకమ్మ వీరన్న దగ్గరికి వచ్చింది. ఇత్తడి పళ్లెంలో నందివర్ధనం పూలు, పసుపునీళ్లలో తడిపిన గుడ్డ.

మా పంచకూ వీరన్న వాళ్ల పంచకూ మధ్య మోకాలెత్తు గోడ. నేను ఈ పక్క గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూచున్నాను. అటు చూస్తే కడుపు మండుతుందని తల వంచుకున్నాను. చెవులు మాత్రం గోడ దాటించాను.

"కండ్లు మూసుకో బావా, పూలు పెడతాండా. సల్లగుండాదా?"

"శానా సల్లగుండాది."

"తియ్యొద్దు. ఇంకా సేపు అట్లే ఉండు."

అంతకు ముందు మూడేండ్లలో సుంకమ్మ నాతో అన్న మాటలు మొత్తం కలిపినా అంత పొడుగు లేవు. ఆ మూడేండ్లూ నా కండ్లు దిట్టంగా ఉండటమే నేను చేసిన తప్పని తేలిపోయింది. ఉదయం పూలు, సాయంత్రం పూలు. లోకంలో ఒకడి పొలం చూసి కుళ్లేవాళ్లు ఉంటారు, ఎద్దుల్ని చూసి కుళ్లేవాళ్లు ఉంటారు. పుసులు చూసి కుళ్లినవాణ్ని నేనొక్కణ్నే.

పోగు విసిరే నాడె మీద నా చెయ్యి ఆగడం మా అమ్మ చూసింది.

"ఏమ్రా, నాడె పట్టుకోని నిద్రపోతాండావా? నాలుగు దినాలు గట్టిగా కూచుంటే అయిపోతాది గదా!"

"అయితాదిలేమ్మా."

అయితే ఏం లాభం? నాకు చీర అక్కర్లేదు, కండ్లకలక కావాలి.

మర్నాడు వీరన్న పసుపుగుడ్డ వాళ్ల పెరటి కంప మీద ఆరుతుంటే తెచ్చుకున్నాను. రెండు కండ్లూ కంచం తోమినట్లు తోముకున్నాను. అద్దంలో చూసుకుంటే పాలపొంగు లాంటి తెల్లటి కండ్లు. ఇంకో రోజు, ఇంకో తోముడు. నేత మీద ధ్యాస లేదు. రోగం కూడా నన్ను చిన్నచూపు చూస్తోందని బాధపడ్డాను.

మూడోనాడు మెలకువ వచ్చింది గానీ రెప్పలు విడిపోలేదు.

"అమ్మా, ఇంకా తెల్లారలేదా?"

"తెల్లారి జాము పొద్దెక్కిందిరా. అయ్యో! నీ కండ్లకేమొచ్చెరా?"

"వచ్చిందామ్మా?" అని ఎగిరి గంతేసి మగ్గం గుంతలో పడ్డాను. పడి, అక్కడి నుంచే, "మామోళ్లింటికి చెప్పిపంపు!" అని అరిచాను.

చెప్పిపంపింది. ఆ ముందురోజే మామ కర్నూలు ఆసుపత్రికి పోయి, వీరన్న కండ్ల సంగతి అక్కడి డాక్టరును అడిగి వచ్చాడట. గుమ్మం అవతల నిలబడి మాకు వినిపించాడు.

"ఇది అంటుకునే రోగమంటనే చెల్లెలా. ఎవరి గుడ్డ వాళ్లే వాడల్లంట. చేతులు కడగల్లంట, కండ్లు నలపగూడదంట, పసర్లు పొయ్యగూడదంట. ఇంగ మా పిల్ల ఈ దిక్కుకు రాదు."

"పూలు?" అన్నాను లోపలి నుంచి.

"మా అమ్మ తెస్తాదిలే అల్లుడా."

మా అవ్వకు రెండు కండ్లలో పొరలు. ఆమె పూలు తెచ్చింది. ఒకటి నా ముక్కులో పెట్టింది, ఇంకొకటి నోట్లో.

"సల్లగుండాదా నాయనా?"

"అవ్వా, కన్ను ఇంకా పైన ఉండాది!"

"ఉంటే ఉండనీలే. యాడ పెట్టినా సలువే గదా."

ఈలోపు వీరన్నకు నయమైంది. మంచివాడు గనక రాత్రింబవళ్లు కాకపోయినా పగలంతా కూచుని, అంచు చక్కగా నేసి, చీర ముగించాడు. నేను రెప్పలు వేళ్లతో పట్టుకుని, ఒంటి చేత్తో నాడె విసిరి, తెగిన పోగులు తెగినట్లే వదిలేసి, పున్నమి నాటికి ఏదో ఒకటి ముగించాను.

మామ వచ్చాడు, వెనక సుంకమ్మ. చీర విప్పి చూశాడు.

"ఇది అంచా, మేకలు నడిచిన దావనా?"

తర్వాత మగ్గం లోపం చూద్దామని గుంతలోకి వంగి, పసుపుగుడ్డతో పైకి లేచాడు. వీరన్న గుర్తుపట్టాడు.

"అది నాదే! కాకి ఎత్తుకపోయిందనుకుంటి."

మామ నా మొహం చూశాడు. నా మొహం అన్నీ చెప్పేసింది.

"కండ్లతో బతికే కులంలో పుట్టి, కండ్లలోకే రోగం పూసుకుంటివేమ్రా!" అని తల కొట్టుకుని, వీరన్న భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయాడు.

సుంకమ్మ గోడ దగ్గర ఒక్క నిమిషం నిలబడింది.

"యాందుకు చేసినావు బావా ఈ పని?"

"వానికి పూలు పెడతాంటివి గదా!"

"పెట్టకుంటే వాడు కండ్లు మూస్తాడా? వాడు కండ్లు మూస్తేనే గదా, గోడమింద నుంచి నువ్వు నేసేది నేను చూస్తుంటి. నువ్వేమో ఒక్కనాడన్నా తల ఎత్తకపోతివి."

అని వెళ్లిపోయింది. నా కండ్ల నుంచి ధారగా నీళ్లు కారాయి. కండ్లకలక ఇంకా తగ్గలేదని మా అమ్మ జాలిపడింది.

అందుచేత నా మగ్గం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పరాయి గుడ్డ ముట్టను. కడగని చెయ్యి కంటికి తాకించను. ఇక మీదట పక్కింటివాడికి గవదబిళ్లలొచ్చినా, గజ్జి లేచినా, వాడి చుట్టూ ఊళ్లోని ఆడపిల్లలంతా పళ్లేలు పట్టుకుని నిలబడినా, ఆశపడను. తల మాత్రం ఎత్తి చూస్తాను.