నీళ్ళ అడుగున నీలం పువ్వు

పక్కింటి పిన్నిగారు పోయారని మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను కిరందుల్ రైల్లో ఉన్నాను. అప్పుడే అరకు దాటాం. "పొద్దున టీ తాగి, అలాగే ఒరిగిపోయారట అమ్మా," అంది. ఇంతలో సొరంగం వచ్చి ఫోన్ తెగిపోయింది. ఆ చీకట్లో ఏడ్చాను. వెలుతురొచ్చేసరికి ఎదుటి సీటావిడ మంచినీళ్ళ సీసా అందించింది.

పిన్నిగారిది విజయనగరం వైపు. రైల్వేలో పనిచేసే తండ్రి వెంట చిన్నప్పుడే ఈ బస్తరు కొండల్లోకి వచ్చారు. ఇక్కడి ఇనుప గనుల్లో పనిచేసే ఆయన్ని చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. సంతలో ఇక్కడివాళ్ళ హల్బీ భాష, బ్యాంకులో హిందీ మాట్లాడేవారు గానీ, ఇంట్లో మాత్రం పుట్టింటి యాస చెక్కుచెదరలేదు.

ఆయన పోయిన కొన్నాళ్ళకి, లారీలు తిప్పే కొడుకు బచేలిలో మా పక్కనే కొత్త ఇల్లు కట్టాడు. పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ కూడా కట్టించాడు. ఆరేసిన బట్టల మీద ఎర్రదుమ్ము పడే ఊళ్ళో ఇదేం సరదా అని మేమంతా నవ్వుకున్నాం. పిన్నిగారు నవ్వలేదు.

"నీళ్ళకి దవాయి ఎవుడేస్తాడు? నానేస్తాను," అన్నారు. క్లోరిన్ పొడిని ఆవిడ దవాయి అనేవారు.

సాయంత్రం ఎండ తగ్గాక, బకెట్ నీళ్ళలో పొడి కలిపి, తేరనిచ్చి, గట్టు చుట్టూ తిరుగుతూ పోసేవారు. పొద్దున చిన్న గాజు గొట్టంలో పూల్ నీళ్ళు పట్టి, దవాయి ఎంతుందో చూసే చుక్కల మందు వేస్తే పసుపు రంగు వచ్చేది. "మజ్జిగపులుసు రంగుంటే సాలు. బజ్జీల పిండి రంగొచ్చిందా, పిల్లల కళ్ళు మండిపోతాయి," అనేవారు. వాన పడినా, ఎండ మండినా మళ్ళీ చూడాల్సిందే.

అంతటితో ఊరుకుంటే ఆవిడ మా పిన్నిగారెలా అవుతారు? పూల్‌లో లోతుగా ఉన్నచోట పాత పింగాణీ పళ్ళెం ఒకటి వేసి ఉంచారు. దాని మధ్యలో నీలం పువ్వు. గట్టు మీద నిలబడితే పువ్వు రేకులు తెలియాలి. తెలిస్తేనే పిల్లలు దిగాలి.

"అమ్మీ, నీ కళ్ళు మంచియి. ఓపాలి రా. అడుగు అవుపడతందా?" అని గోడవతల నుంచి పిలిచేవారు. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, నేను వెళ్ళి చూసి చెప్పాలి. విసుక్కుంటూనే వెళ్ళేదాన్ని.

ఒకసారి వానల్లో మనవడి పుట్టినరోజు వచ్చింది. ఇంటినిండా పిల్లలు. రాత్రి కురిసిన వానకి నీళ్ళు మసకబారాయి. పూల్‌లోకి దిగే మెట్లకి అడ్డంగా పిన్నిగారు కూర్చున్నారు.

"దవాయి సరిగ్గానే ఉంది కదమ్మా, నువ్వే చూశావు," అన్నాడు కొడుకు.

"దవాయి సరిపోయింది నాయినా. పువ్వు అవుపడలేదు."

"ఒక పళ్ళెం కోసం ఇంతమందిని ఏడిపిస్తావా?"

ఆవిడ గొంతు పెంచలేదు. "నా తమ్ముడు ఆ పల్లెంలోనే తినీవోడు. వానాకాలం ఎర్రనీళ్ళ వాగులో దిగాడు. నాను గట్టు మీదే ఉన్నాను. సెయ్యి సాపితే అందీవోడు. నాకు అవుపడలేదు నాయినా."

మేనమామ జ్వరంతో పోయాడనే ఆ కొడుక్కి తెలుసు. కాసేపు తల్లి పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్ళి క్యారమ్ బోర్డు వేశాడు. మూతులు ముడుచుకున్నారు గానీ ఆడుకున్నారు.

మా అమ్మాయికి ఈత వచ్చింది ఆ నీళ్ళలోనే. నీళ్ళంటే వణికే మనిషిని నేను. అయినా పిన్నిగారు గట్టు మీదున్నారంటే నిశ్చింతగా వంట చేసుకున్నాను. అంత నిశ్చింత నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

పెద్దకర్మ అయ్యేసరికి పూల్ పచ్చగా పాచిపట్టింది. కొడుకు తనే అడుగంతా తోమాడు, బకెట్లో దవాయి కలిపి పోశాడు, ఫిల్టరు ఆపకుండా నడిపాడు. నిన్న పొద్దున గోడవతల నుంచి పిలిచాడు.

"అక్కా, ఓసారి రా. అడుగు అవుపడతందా? నాకు తెలీటం లేదు."

అతని కళ్ళు చూస్తే ఎందుకు తెలీటం లేదో అర్థమైంది. వంగి చూశాను. రేకులన్నీ తెలుస్తున్నాయి. "అవుపడతంది," అన్నాను.

మా అమ్మాయి మెల్లగా మెట్లు దిగి, ఛాతీలోతు నీళ్ళలో పళ్ళెం దాకా నడిచింది. పువ్వు చెదిరిపోయింది. అమ్మాయి కదలకుండా నిలబడింది. నీళ్ళు కుదుటపడ్డాక, ఆమె పాదాల పక్కనే, మళ్ళీ అవుపడింది.