పెట్రోల్‌లో పత్తి నూగు

పోయిన ఏడాది, కళ్లాల్లో మిరపకాయలు ఎండబోసే రోజులవి. ఆ ఘాటుకు మా అత్తమ్మకు ఆయాసం ముంచుకొచ్చింది. నా తమ్ముడు మస్తాన్ మమ్మల్ని కారెక్కించుకుని గుంటూరు ఆస్పత్రికి బయలుదేరాడు. వేగం కోసం వాడు ఆ ఇంజన్‌ను ట్యూనింగ్ చేయించి, పెట్రోల్ ఒత్తిడిని కనిపెట్టే సెన్సర్ పెట్టించుకున్నాడు. ఒత్తిడి తగ్గితే ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఎక్కువసేపు తెరుచుకుని లోటు పూడుస్తాయట.

సత్తెనపల్లి దాటాక స్టీరింగ్ పక్కనున్న తెర మీద ఆ ఒత్తిడి అంకె పడిపోసాగింది.

"ట్యాంకు ఖాళీ అయిందని చేలో మందుకొట్టే మిషన్‌కి ఉంచిన డబ్బాలో పెట్రోల్ పోశానక్కా. పత్తి గదిలో మూత లేకుండా ఉందది. నూగు ఫిల్టర్‌కి అడ్డం పడుంటది" అన్నాడు మస్తాన్.

"ఆగిపోద్దా?"

"ఇప్పటికి ఇంజెక్టర్లు సర్దుకుంటన్నాయి. గట్టిగా తొక్కితే అవి కూడా చాలవు. ఇంజన్ పోద్ది."

ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటిపోతున్నాయి. అత్తమ్మ పెదాలు నల్లబడుతున్నాయి. నేను దువా మొదలుపెడితే సగంలోనే తప్పిపోతోంది. సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను.

"ఏమైతే అదయింది, తొక్కరా" అన్నాను.

వాడు తొక్కలేదు. "దారిలో ఆగితే ఆమెను ఎట్టా చేరుస్తామక్కా?"

అత్తమ్మ రొప్పుతూనే, "రోజూ గాల్లో ఎగిరేవోడివి, ఇయ్యాల పెళ్లికూతుర్ని ఊరేగిస్తన్నావేందిరా" అంది.

అలాగే మెల్లగా ఆస్పత్రి గేటు చేరాం. ఆక్సిజన్ పెట్టాక ఆమె పెదాలకు రంగు తిరిగి వచ్చింది.

ఏం అడగాలో కూడా తెలియని నాకు, ఆ పూట నా మాట వినని తమ్ముణ్ణి ఇచ్చినందుకు నమాజులో ఇప్పటికీ అల్లాకు షుక్రియా చెప్పుకుంటాను.