ఎండ మీద కట్టిన బుర్రకథ

అది తొంభైల చివర ఒక వేసవి. హైటెక్ సిటీ అనే మాట అప్పుడప్పుడే అందరి నోళ్ళలో పడుతోంది. మే మొదట్లో ఒక సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడప మీదే కూర్చుండిపోయింది. మాదాపూర్ వైపు ఒక చిన్న దవాఖానలో ఆమె నర్సు. మూసాపేటలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. నేను మంచినీళ్ళు తెచ్చిస్తే తాగలేదు.

"ఒక మనిషిని తీసుకొచ్చారే. నలభై ఏళ్ళుంటాయేమో. ఒళ్ళు ముట్టుకుంటే కాలిపోతోంది. మేము ఐసు పెట్టేలోపే అయిపోయింది," అంది. చెప్పులు విప్పుతూ, "కాగితంలో గుండె ఆగిందని రాశారు. ఎండ అని రాయలేదు," అంది.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాను. మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ బుర్రకథ చెప్పే ముగ్గురిలో నేనొకదాన్ని. తంబురా పట్టుకుని కథ నడిపేది నేనే. డక్కీలు వాయిస్తూ వంత పాడేవాళ్ళు ఇద్దరు. ఒకరు డిగ్రీ చదువుతున్న మా పక్కింటి అమ్మాయి, ఇంకొకరు మా పెద్దమ్మ కొడుకు అన్నయ్య. జనాన్ని నవ్వించే పని అన్నయ్యది. పక్కింటి అమ్మాయి పేపర్లు బాగా చదివేది. భూమి వేడెక్కుతోందనీ, ఎక్కడో దూరదేశాల ఫ్యాక్టరీల పొగకు పేదదేశాలవాళ్ళు మాడిపోతారనీ ఒక ఆదివారం అనుబంధంలో వస్తే కత్తిరించి దాచుకుంది. అమ్మ చెప్పిన సంగతి విని ఆ కాగితం తెచ్చి మా ముందు పెట్టింది.

"క్రిస్మస్ కథే ఎన్నేళ్ళు చెప్తాం? దీని మీద ఒకటి కడదాం," అంది.

చనిపోయిన మనిషి నానక్‌రామ్‌గూడ వెళ్ళే దారిలో ఒక ఆఫీసు భవనం కట్టేచోట కూలీ. పాలమూరు నుంచి వచ్చినవాళ్ళంతా అక్కడ రేకుల షెడ్లలో ఉంటున్నారు. ఆ ఆదివారం ముగ్గురం వెళ్ళాం. బస్సు దిగి చాలా దూరం నడవాలి. దారికి రెండువైపులా సగం పేల్చి వదిలేసిన రాళ్ళగుట్టలు. షెడ్డు ముందు అతని భార్య బియ్యం ఏరుతోంది. పదేళ్ళ కూతురు పక్కనే నిద్రపోతోంది. మేము ఎందుకొచ్చామో చెబితే ఆమె తలెత్తకుండా బియ్యం ఏరుతూనే వింది.

"కథ జెప్తే ఏమైతది?" అని అడిగింది చివరికి.

"పదిమందికి తెలుస్తుందక్కా. మధ్యాహ్నం పని ఆపమని, నీడ వెయ్యమని అడగొచ్చు," అన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానో ఇప్పుడు నాకే తెలియదు.

రెండు వారాల్లో కథ కట్టాం. కట్టిన ముక్కనల్లా వెళ్ళి ఆమెకు వినిపించేవాళ్ళం. దూరదేశాల పొగ గురించి రాసింది విని ఆమె నవ్వింది.

"అంత దూరమెందుకు బిడ్డా. ఎండ మా ఊర్ల లేదా? ఉన్నది. కని ఆడ ఇంత చెట్టు నీడుండె, బాయుండె. వానల్లేక బాయెండింది, ఈడికొచ్చినం. ఈడ చెట్లు కొట్టిండ్రు, గుట్ట పేల్చిండ్రు, కుంట పూడ్చిండ్రు. కొట్టింది మేమే, పూడ్చింది గూడ మేమే. ఇగ నీడ యాడికెల్లొస్తది?"

పక్కింటి అమ్మాయి ఆ మాటలన్నీ నోట్సులో రాసుకుంది. పేపర్ ముక్క పక్కన పడేసి వాటినే కథలో పెట్టాం.

చావు ఘట్టంలో నేను పెద్ద రాగం తీసి, అతని చేత కన్నతల్లిని, నేలతల్లిని పిలిపించాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయన గట్ల ఏమనలే. తట్ట దింపిండు. బోర్లేసి దాని మీద కూసున్నడు. జర నీళ్ళు తే అన్నడు. నేను తెచ్చేసరికి ఒరిగిపోయిండు. గంతే." నేను రాగం తీసేసి ఆ మాటల్నే ఉన్నవున్నట్టు చెప్పాను.

తర్వాతి ఆదివారం పొద్దు వాలాక వాళ్ళ షెడ్ల మధ్యే కథ చెప్పాం. అన్నయ్య వాళ్ళ పని చూసే మేస్త్రీ నడక నడిచి చూపిస్తే పిల్లలు పడీపడీ నవ్వారు. చావు చెప్పేటప్పుడు నేను అతని పేరు పలికాను. వెనక నిలబడ్డ మగవాళ్ళు బీడీలు ఆర్పేశారు. కథ అయ్యాక మేము అనుకోనిది జరిగింది. ఆమె లేచి నిలబడింది.

"రేపు పన్నెండు గొట్టినంక నేను తట్ట ఎత్తను. మూడింటిదాంక ఎత్తను. నాతోని ఎవరుంటరో ఉండుండ్రి," అంది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ పని ఆపారు. మంగళవారం ఆ కబురు అమ్మ దవాఖాన నుంచి మోసుకొచ్చింది. అన్నయ్య మిర్చి బజ్జీలు కొనుక్కొచ్చాడు. ముగ్గురం వీధి గుమ్మంలో కూర్చుని ఇంకా ఎక్కడెక్కడ చెప్పాలో లెక్కలేసుకున్నాం. పాటకు బలముంటుందని నేను నిజంగా నమ్మింది ఆ నాలుగైదు రోజులే.

ఆదివారం మజ్జిగ క్యానుతో, డక్కీలతో మళ్ళీ వెళ్ళాం. షెడ్ల ముందు మాకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. మమ్మల్ని చూసి మేస్త్రీ తనే ఎదురొచ్చాడు. అతని ముఖంలో కోపం లేదు. నాకు దానికే ఎక్కువ భయమేసింది.

"వాళ్ళను పంపించేసినమమ్మా. బుధవారమే లారీల కొత్తోళ్ళొచ్చిండ్రు," అన్నాడు.

"ఎక్కడికి పంపారండీ?" అంది పక్కింటి అమ్మాయి.

"నాకేమెరుక? మీ కథ మంచిగుండె. నేను గూడ ఇన్న. మీరు కథ జెప్పి బస్సెక్కి పోయిండ్రు. వాళ్ళేడికి పోవాలె?"

తెచ్చిన మజ్జిగైనా ఇద్దామని ఒక ముసలావిడ దగ్గరికి వెళ్ళాను. ఆమె గ్లాసు అందుకోలేదు. అన్నయ్య భుజాన ఉన్న డక్కీ వంక చూసి రెండు చేతులూ జోడించింది.

"మీకు దండం బెడ్త బిడ్డా. ఈడ పాడకుండ్రి."

మజ్జిగ క్యాను అలాగే మోసుకుని ఇంటికి వచ్చాం. వచ్చేసరికి అది పులిసిపోయింది.

వాళ్ళు వెళ్ళగొట్టిన కూలీల కోసం కొండాపూర్ దాకా అడుగుతూ తిరిగాం. ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండు వారాల తర్వాత ఒక పొద్దున కోర్సుకు పోతుంటే, మూసాపేటలో కూలీలు పనికోసం నిలబడే అడ్డా దగ్గర ఆమె కనబడింది. పక్కన కూతురు పార పట్టుకుని ఉంది. పార ఆ పిల్ల గడ్డం దాకా వచ్చింది. నేను దగ్గరికి వెళ్ళగానే, నాతో కనబడడం ఇష్టం లేనట్టు ఆమె అటూ ఇటూ చూసింది.

"అక్కా, మా వల్లే కదా..." అన్నాను.

"నేనే లేసిన గదా. మీరు లెవ్వమన్నరా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "గా కథ మళ్ళ జెప్తరా?"

తెలియదన్నాను.

"జెప్తే ఆయన పేరు తీసెయ్యి బిడ్డా. మేస్త్రీలందరికి ఎరుకైంది. గాయన పెండ్లాన్నని నన్నెవరు పనికి పిలుస్తలేరు."

ఇంతలో ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందరూ దాని మీదికి ఎగబడ్డారు. కూతుర్ని ముందుకు తోస్తూ ఆమె కూడా పరిగెత్తింది. వాళ్ళకు చోటు దొరికిందో లేదో ఆ తొక్కిసలాటలో నాకు కనబడలేదు. మళ్ళీ ఎప్పుడూ ఆమెను చూడలేదు. ఆమె భర్త పేరు ఇక్కడా రాయడం లేదు.

ఆ కథ ఇంకొక్కసారి చెప్పాం. ఆగస్టులో ఒక కాలేజీవాళ్ళు పర్యావరణం మీద కళల పోటీ పెట్టారు. ఎందుకు ఒప్పుకున్నామో సరిగ్గా గుర్తులేదు. ఊరికే కూర్చోలేకపోయాం, అంతే అనుకుంటాను. పేరు తీసేసి 'ఒక కూలన్న' అని పాడాను. తట్ట బోర్లేసి కూర్చున్న చోట జడ్జీల్లో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. మొదటి బహుమతి మాకే వచ్చింది. వేదిక దిగాక ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"ఆ తట్ట ఊహ నీకెలా తట్టిందమ్మా? గొప్ప కల్పన," అన్నాడు.

కల్పన కాదండీ అనాలి. థాంక్స్ సార్ అన్నాను.

ఆ ఏడు క్రిస్మస్‌కు పాస్టరుగారు కథ చెప్పమంటే గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. మరుసటి వేసవి అంతకంటే ఎక్కువ కాల్చింది. నా కోర్సు అయిపోయి ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాను. అన్నయ్య మాత్రం ఒక రోజు ఇంటికొచ్చి, వేరే బస్తీల్లో చెబుదామా అని అడిగాడు.

"చెప్తే మళ్ళీ ఎవరైనా లేచి నిలబడితే?" అన్నాను.

అన్నయ్య టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడూ అడగలేదు.