కుట్టేవాళ్ళ కుడిపక్కన

శ్రావణ మాసం, పట్టిన వాన వదలకుండా కురుస్తోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో కిటికీ పక్కన కూర్చుని బొంత కుడుతున్నాను. తెల్లగుడ్డ మీద ఎర్రచుక్క కనిపించింది. ఎక్కడిదా అని తిప్పి చూసేసరికి రెండోది పడింది. చూస్తే నా ఎడమ చూపుడువేలి కొసలో సూది దిగి ఉంది. దిగినట్టు నాకు తెలియనే లేదు.

నేను కంగారుపడింది వేలి గురించి కాదు, గుడ్డ గురించి. అది మా మామగారి పంచె. ఆయన పోయి అప్పటికి ఆరు నెలలు. ఆయన పంచెలూ తన పాత నేతచీరలూ కలిపి చలికాలానికల్లా ఒక బొంత కుట్టిపెట్టమని అత్తయ్యగారు నన్నే అడిగారు. ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో నన్నే అడిగారు. నా కథలో సగం రోగం ఆ ‘నన్నే’లో ఉంది.

నేను ఏలూరులో మిషన్ స్కూల్లో చదివాను. ఈ బొంతపని అక్కడ మా కుట్టు టీచరుగారు నేర్పారు. అట్టని ఆరు మూలల బిళ్ళలుగా కత్తిరించి, ఒక్కో బిళ్ళ మీద గుడ్డ మడిచి టాకాలు వేసి, అంచుకి అంచు చేత్తో కలిపి కుట్టుకుంటూ పోవాలి. ఒక బిళ్ళకి ఆరు పక్కలా ఆరు బిళ్ళలు కలిశాక లోపలి అట్ట లాగేస్తాం. దాన్ని ఇంగ్లిష్ పేపర్ పీసింగ్ అంటారట, మా ఇంట్లో మాత్రం బిళ్ళల బొంత. అట్టకి పాత శుభలేఖలను మించినవి లేవు. అయితే శుభలేఖల మూలలకి పసుపు రాస్తారు కదా, ఆ మూలలు ముందే కోసి పారెయ్యాలి, లేకపోతే గుడ్డకి పడుతుంది. టీచరుగారు మొదటిరోజే చెప్పిన మాట అది. ఎవరి రక్తపు మరకకి వాళ్ళ ఉమ్మే మందు అని కూడా ఆవిడే చెప్పారు. ఉమ్మి తడిపి రుద్దితే చుక్కలు పోయాయి. వేలి సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండు వారాల ముందు అత్తయ్యగారి పుట్టింటికి, కొల్లేటి లంక ఊరికి వెళ్ళొచ్చి నాలుగు రోజులు విరేచనాలతో బాధపడ్డాను. ఆ నీరసమే అనుకున్నాను. మర్నాడు పాదాలు కూడా తిమ్మిరెక్కాయి. వాకిట్లో నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయింది. నాలుగడుగులు వేశాక వెనక నుంచి మా తోటికోడలు ప్రసన్న, “అక్కా, మీ చెప్పు ఇక్కడే ఉండిపోయిందండీ,” అని నవ్వుతూ తెచ్చి ఇచ్చింది. దగ్గర్లో ఒక డాక్టరుకి తిమ్మిరి మాట ఎత్తకుండా నీరసమని చెబితే, బలహీనత అని బీ-కాంప్లెక్స్ రాశాడు. మూడోరోజు స్నానానికని పీట మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మా ఆయనా, మరిదీ చెరో రెక్కా పట్టుకుని కార్లో పడేసి తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు తీసుకెళ్ళారు.

అక్కడ నరాల డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టారు. కాలు కదల్లేదు. “ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టండమ్మా,” అన్నారు. ఇరవై ఆరు దగ్గర ఆగిపోయాను. సాయంత్రానికి పద్దెనిమిది. నన్ను ఐసీయూలోకి మార్చారు. లంబర్ పంక్చర్ చేసి వెన్నులోంచి నీరు తీశారు. నెర్వ్ కండక్షన్ టెస్ట్‌లో చేతులకీ కాళ్ళకీ కరెంటు పెట్టి చూశారు. “జీబీఎస్ అంటాం. మీ ఒంటిని కాపాడవలసిన సైన్యమే మీ నరాల మీద పడింది,” అన్నారు డాక్టరుగారు. ఐదు రోజులు ఐవీఐజీ అనే మందు రక్తంలోకి ఎక్కించారు.

“నా చేతులు వస్తాయా డాక్టరుగారండీ?” అని అడిగాను.

“వస్తాయమ్మా. కాళ్ళు ముందు, వేళ్ళు చివర. మధ్యలో మంటలు పుడతాయి. మంట పుట్టిందని ఏడవకండి. తిమ్మిరి కన్నా మంట నయం. నరం బతికిందన్నమాట.”

ఐసీయూలో నాకు చావుభయం వేసిందని రాస్తే అందరూ మెచ్చుకుంటారు. వేసింది. కానీ దానికన్నా ఎక్కువగా నర్సమ్మ టక్కున మందుసీసా మెడ విరుస్తుంటే ఆ వేళ్ళని చూసి కుళ్ళుకున్నాను. ఎదురుమంచం ముసలావిడ చెంచా పట్టుకుంటే కుళ్ళుకున్నాను. పన్నెండోరోజు ఇంటికి పంపారు. హాల్లో కిటికీ పక్కన, నేను కూర్చుని కుట్టేచోటే, నాకు మంచం వేశారు.

ఇక ప్రసన్న సంగతి చెప్పాలి. తనది జంగారెడ్డిగూడెం, మెట్ట ప్రాంతం. కాపురానికి వచ్చిన కొత్తలో నేను ‘మెట్టపిల్ల’ అని ఏడిపించేదాన్ని. పులుసులో బెల్లం వెయ్యడం చేతకాదని, గుండీ కుట్టడం రాదని నవ్వేదాన్ని. ఇప్పుడు నాకు స్నానం చేయించేది, తల దువ్వేది, నోట్లో ముద్ద పెట్టేది ఆ ప్రసన్నే. ఒకరోజు మా ఆయన భోజనం చేస్తూ, “పులుసు అచ్చం నీ చేతి పులుసులాగే ఉందే,” అన్నారు. నన్ను సంతోషపెడదామనే అన్నారు పాపం. ఆ పూట ముద్ద మింగడం కష్టంగా ఉందని చెప్పి పక్కకి తిరిగి పడుకున్నాను.

అది కూడా ఓర్చుకున్నాను. ఒకరోజు అత్తయ్యగారు నా కుట్టుడబ్బా తెచ్చి, నా కళ్ళముందే ప్రసన్న ఒళ్ళో పెట్టారు.

“చలికాలం వచ్చేస్తోందమ్మాయ్. అక్క లేచేదాకా ఆగితే ఎప్పటికవుతుంది? అక్క చెబుతుంది, నువ్వు కుట్టు,” అన్నారు.

ప్రసన్న నా మంచానికి ఆనుకుని కింద కూర్చుంది. దాని కుడిపక్కన నేను పడుకుని ఉన్నాను. అత్తయ్యగారు చూసి, “కుట్టేవాళ్ళ కుడిపక్కన, చీదేవాళ్ళ ఎడమపక్కన ఉండకూడదే. సూది లాగితే అక్క కంట్లో గుచ్చుకుంటుంది,” అన్నారు.

“ఇటైతేనే కదండీ అక్కకి నా చెయ్యి కనబడేది. తప్పు పోతే చెబుతారు,” అంది ప్రసన్న.

నా కంట్లో గుచ్చుకోవడానికి సూది అక్కర్లేదు, దాని చెయ్యి చాలు. దారం ఒక్కసారికే సూదిలోకి ఎక్కించేది. మొదట్లో కుట్టు వంకరగా పడితే నాకు హాయిగా ఉండేది. “విప్పు” అనేదాన్ని. మారుమాటాడకుండా విప్పేది. ముడి పైకి కనిపిస్తోందని మళ్ళీ విప్పించేదాన్ని. నవ్వుతూ విప్పేది. ఆ నవ్వుకి నాకు ఇంకా మండేది.

అంతలో నాకు మళ్ళీ కాళ్ళు లాగేశాయి. ఇంటికొచ్చిన ఎనిమిదోరోజు లేచి నిలబడలేకపోయాను, ఊపిరి లెక్క పదిహేనుకి పడిపోయింది. మళ్ళీ ఏలూరు. “కొందరిలో ఇలా తిరగబెడుతుందమ్మా, ఫ్లక్చుయేషన్ అంటాం, కంగారు పడకండి,” అని ఇంకోసారి ఐవీఐజీ ఎక్కించారు. తిరిగి వచ్చేసరికి ప్రసన్న నేను కుట్టిన దాని పక్కన దాదాపు అంత కుట్టేసింది. దాని కుట్టు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు.

నేను కోసిపెట్టిన అట్టలు అయిపోయాయని కొత్త శుభలేఖలు ముందేసుకుని కూర్చుంది. ఇంత ముక్క కూడా వృథా కాకూడదని మూలలు కూడా వదలకుండా కత్తిరిస్తోంది. పసుపు అంటిన మూల ఒకటి పంచె గుడ్డలోకి మడిచింది. నేను చూశాను. చెబుదామని నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని, “పెద్దదానికన్నా చిన్నదాని కుట్టే సన్నంగా పడుతోందర్రా,” అన్నారు.

నోరు మూసుకున్నాను. ఆ రోజు పదకొండు పసుపు మూలలు లోపలికి వెళ్ళాయి. లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. ఆ తర్వాత రోజుల్లోనూ చెప్పలేదు.

ఫిజియో అమ్మాయి రోజూ వచ్చేది. ఒక పళ్ళెంలో పెసలు పోసి, ఒక్కో గింజా తీసి ఇంకో పళ్ళెంలో వెయ్యమనేది. నేను గంటలో గుప్పెడు పెసలు తీసేలోపు పక్కన ప్రసన్న నాలుగు బిళ్ళలు అతికేది. అరికాళ్ళలో, అరచేతుల్లో డాక్టరుగారు చెప్పిన మంటలు మొదలయ్యాయి. కారం పూసినట్టుండేది. కార్తీకం వచ్చేసరికి వాకర్ పట్టుకుని హాల్లో తిరగగలిగాను. డాబా మెట్లెక్కడం మొదలుపెట్టమంటే మాత్రం ఒప్పుకోలేదు. పడిపోతానని భయం.

బొంత పూర్తయింది. అట్టలన్నీ తీసేసి, లోపల పాత చీరలు పరిచి, అడుగుగుడ్డ వేసి కుట్టేసింది ప్రసన్న. చేతిమురికి పోవాలని డాబా మీదకి తీసుకెళ్ళి సబ్బు పెట్టింది.

కాసేపటికి పైనుంచి అత్తయ్యగారి కేక వినపడింది. “రక్తమే! ఆయన పంచెల నిండా రక్తమే!”

పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఆడవాళ్ళకి ఎవరికి తెలియదు? కానీ ఆ క్షణంలో వాళ్ళిద్దరికీ తట్టలేదు, గుడ్డకి ఎవరూ పసుపు పెట్టలేదు కదా. నాకు తెలుసు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నా కడుపు చల్లబడింది. అత్తయ్యగారు కిందికి దిగి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. పైన ప్రసన్న ఏడుపు వినబడుతోంది. “నా చెయ్యే మంచిది కాదు, నా చెయ్యే మంచిది కాదు,” అంటోంది. రోజూ నా నోటికి అన్నం పెట్టే చెయ్యి అది.

వాకర్ మెట్ల దగ్గర వదిలేశాను. మెట్టు మీద కూర్చుని, చేతులు ఊని, పై మెట్టు మీదకి ఒళ్ళు లాక్కుంటూ ఎక్కాను. పద్దెనిమిది మెట్లు. పైకి చేరేసరికి చెమటతో జాకెట్టు తడిసిపోయింది. నన్ను చూసి ప్రసన్న ఏడుపు ఆపి, పరుగెత్తుకొచ్చి పట్టుకుంది.

“అది రక్తం కాదు ప్రసన్నా, పసుపు. శుభలేఖల మూలలది. నువ్వు పెడుతుంటే చూశాను. చూసి ఊరుకున్నాను.”

అది చెయ్యి వదిలేసింది. “ఎన్ని చూశారక్కా?”

“పదకొండు.”

“నా మీద మీకు అంత కోపమాండీ?”

“కోపం కాదు, కుళ్ళు.”

“దేనికక్కా? మీకు ముద్ద పెడుతున్నందుకా?”

సబ్బు పెట్టొద్దని, మంచినీళ్ళతో జాడించి ఎండలో వేస్తే పసుపు పోతుందని మాత్రం చెప్పాను. ప్రసన్న నన్ను పట్టుకుని జాగ్రత్తగా కిందికి దించింది. ఆ తర్వాత ఆరు రోజులు నాతో మాట్లాడలేదు. స్నానం చేయించింది, ముద్ద పెట్టింది, మాట మాత్రం లేదు. అంతకన్నా పెద్ద శిక్ష ఏ అత్తగారూ వెయ్యలేరు. రోజూ పొద్దున్నే బొంత తడిపి డాబా మీద పరిచేది. రోజూ నేను కూర్చుని మెట్లెక్కి దాని పక్కన కాపలా కాసేదాన్ని. ఏడోరోజు, “ఇటు రండక్కా, ఎండ మొహాన కొడుతోంది,” అంది. నేను ఏడ్చాను.

మరకలు ఒక్కొక్కటే వెలిసిపోయాయి. రెండు బిళ్ళల మీద మాత్రం లేత పసుపు మిగిలింది. ఇంకో రెండు రోజులు ఎండలో వేద్దాం అనుకున్నాం. కానీ అత్తయ్యగారికి కూడా చెప్పాలి కదా. బొంత తీసుకెళ్ళి ఆవిడ మంచం మీద పరిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా గురించి చెప్పింది ఆవిడ విన్నారో లేదో తెలియదు.

“పసుపా?” అని ఆ రెండు బిళ్ళల మీదా వేలు పెట్టి చూశారు. “కొత్త పంచె కట్టుకునే ముందు అంచుకి పసుపు నేనే పెట్టేదాన్నమ్మా. పెట్టందే కట్టేవారు కాదు. ఇంక ఎండలో వెయ్యకండి. ఆ రెండూ అలా ఉండనివ్వండి.”

గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, “నీ సంగతి తర్వాత మాట్లాడతాను,” అన్నారు. ఏడాదిన్నర అయింది, ఇంకా మాట్లాడలేదు. చలికాలమంతా ఆ బొంతే కప్పుకుని పడుకుంటారు, పసుపు బిళ్ళలు గుండెల మీదకి వచ్చేలా.

ఇప్పుడు నేను నడుస్తాను, వండుతాను, డాబా మీదకి మామూలుగానే ఎక్కుతాను. కాలివేళ్ళలో కొద్దిగా తిమ్మిరి ఉండిపోయింది. ఎడమ చూపుడువేలి కొసకి ఇప్పటికీ సూది తెలియదు, తొడుగు పెట్టుకుని కుడతాను. ప్రసన్నా నేనూ ఇంకో బొంత మొదలుపెట్టాం. నేను దాని ఎడమపక్కన కూర్చుంటాను. శుభలేఖల మూలలు కొయ్యడం నా పని.

తోటి రోగులకి నేను చెప్పగలిగేది ఒక్కటే. చేతులకీ కాళ్ళకీ కలిసి తిమ్మిరెక్కి, నడకలో బలం తగ్గుతుంటే నీరసమని సరిపెట్టుకోకండి. ఆ రోజే ఇంట్లో చెప్పి, ఆ రోజే నరాల డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. నేను తిమ్మిరిని మూడు రోజులు దాచాను, పసుపుని అంతకన్నా ఎక్కువ రోజులు దాచాను. రెండూ దాచినకొద్దీ ముదిరాయి.

కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఇప్పుడు దాన్ని పైకే అంటాను. నిన్న కూడా అది నాలుగు బిళ్ళలు అతికేసరికి నేను ఒకటిన్నర దగ్గర ఉన్నాను.

“నీ చెయ్యి చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది ప్రసన్నా,” అన్నాను.

అది కుట్టు మీంచి తల ఎత్తలేదు. “మండనివ్వండక్కా. తిమ్మిరి కన్నా మంట నయం అన్నారు కదండీ డాక్టరుగారు.”