జనవరి మంచులో అమోనియా

మంచును కరిగించడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే టొరంటో పక్కన మిల్టన్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్లు నవ్వేవాళ్లు. "దానికి మనిషెందుకమ్మా? ఏప్రిల్ వస్తే అదే కరుగుతుంది కదా" అన్నారు ఒక అంకుల్. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని.

హైదరాబాద్‌లో మందుల కంపెనీలో ఎనిమిదేళ్లు క్వాలిటీ కంట్రోల్ చూశాను. కెనడా వచ్చాక మూడేళ్లు ఒక పెద్ద షాపులో కౌంటర్ దగ్గర నిలబడ్డాను. ఆ తర్వాత దొరికింది టొరంటోలో ఈ ల్యాబ్ పని, ఏడాది కాంట్రాక్టు మీద. మళ్లీ తెల్లకోటు వేసుకున్న రోజు అద్దంలో నన్ను నేను రెండుసార్లు చూసుకున్నాను.

ఉత్తరాన, చెట్లు కూడా మొలవని చోట ఒక చిన్న ఊరుంది. అక్కడి నుంచి ప్రతి నెలా నాలుగు బాటిళ్ల మంచు మాకు విమానంలో వచ్చేది. వారానికొకటి. వాటిని మూత తీయకుండా కరిగించి, ఆ నీళ్లు మెషీన్‌లోకి పంపితే అందులో ఏమేం ఉన్నాయో గీతల రూపంలో కనిపిస్తుంది. ఏడాది పొడవునా అక్కడ ఆరుబయట పెట్టిన ఒకే చెక్క బోర్డు మీద పడిన మంచే అయినా, ఏ రెండు నెలలూ ఒకలా ఉండవు. చీకటి నెలల్లో సముద్రపు ఉప్పు ఎక్కువ. సూర్యుడు తిరిగొచ్చే రోజులకి ఎక్కడో వేల మైళ్ల అవతల మన ఫ్యాక్టరీలు వదిలిన పొగ, గంధకపు ఆమ్లంగా మారి, ఆ తెల్లటి మంచులో తేలుతుంది. ఎండాకాలం మొదట్లో సముద్రపు నాచు వదిలినవి వస్తాయి, పక్షులు గూళ్లు పెట్టే కొండల మీది నుంచి అమోనియా వస్తుంది. కొన్నాళ్లు చేశాక, లేబుల్ చూడకుండా గీత చూసి నెల చెప్పగలిగేదాన్ని. దానికి నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ మంచు సేకరించేది ఒక పెద్దావిడ. ఆ మంచునేల మూలవాసులైన ఇనుయిట్ల ఆవిడ, అరవై దాటినవారు. నేను చూడలేదు. బాటిల్ మీద పెన్సిల్‌తో నిటారుగా రాసిన అక్షరాలే నాకు తెలిసిన ఆవిడ.

తప్పు జరిగింది జనవరి బాటిళ్లతో. ఆ మధ్యాహ్నం పక్క గదిలో ఒకరికి వీడ్కోలు పార్టీ, కేకు కోస్తున్నారు. తొందరగా కరుగుతాయని నాలుగు మూతలూ వదులు చేసి బల్ల మీద పెట్టాను. అది చేయకూడదు. అంతటితో ఆగలేదు, ఎదురుగా కిటికీ అద్దం మురికిగా ఉందని గ్లాస్ క్లీనర్ కొట్టి తుడిచాను. అందులోని అమోనియా వాసన ముక్కుకి ఘాటుగా తగిలింది. అయినా నాకేమీ తోచలేదు. వెళ్లి కేకు తిన్నాను.

మర్నాడు మెషీన్‌లో అమోనియా గీత కొండలా లేచింది. జనవరిలో, పక్షి అన్నది లేని చీకట్లో! చూసిన వెంటనే నాకు అర్థమైంది.

ల్యాబ్ నడిపే మా ప్రొఫెసర్ వచ్చి స్క్రీన్ ముందు నిలబడ్డారు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కూడా కాదు.

"ఆవిడ ఇంటి వెనక కుక్కలు కట్టేసి ఉంటాయని విన్నాను. అవేమైనా వచ్చి బోర్డు దగ్గర మూత్రం పోసి ఉంటాయా?" అన్నారు.

"అయ్యుండొచ్చు" అన్నాను.

అంతే. అబద్ధం ఆయనే అల్లి నా చేతికిచ్చారు, నేను కాదనలేదు. కాంట్రాక్టు పొడిగించే నెల అది. కానీ నిజం చెప్పాలంటే ఆ క్షణాన కాంట్రాక్టు కూడా గుర్తు లేదు. పని తెలిసిన మనిషినన్న పేరు పోతుందని, అదే భయం.

ఆయన ఆవిడకి మర్యాదగానే ఉత్తరం రాశారు. రెండు ముక్కల్లో జవాబొచ్చింది: నా కుక్కలు కట్టేసే ఉంటాయి. బోర్డు దూరంగా మారుస్తాను.

తర్వాతి నెల నుంచి ప్రతి బాటిల్ మీదా తేదీ కింద ఇంకో మాట కనిపించేది. "కుక్కలు రాలేదు." అదే పెన్సిల్, అవే నిటారు అక్షరాలు. బాటిల్ మీద ఏముంటే అది కంప్యూటర్‌లో ఎక్కించాలి కాబట్టి నెలకి నాలుగుసార్లు నా వేళ్లతో నేనే టైప్ చేసేదాన్ని. కుక్కలు రాలేదు. కుక్కలు రాలేదు. అలా రెండు చలికాలాలు.

ఒకసారి మా ఆయనతో చెప్పాను. "ఎవరికీ నష్టం లేదు కదా, వదిలేయ్" అన్నాడు. వదిలేయడానికి అనుమతి దొరికినట్టు నేనూ తలూపాను. ఆ తలూపడం కూడా ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండో ఏడు ఏప్రిల్‌లో కొత్త బోర్డు బిగించే పని మీద నన్నే ఆ ఊరికి పంపారు. ఆవిడ విమానం దగ్గరికే వచ్చారు. పొట్టిగా, గట్టిగా ఉన్నారు. కుడి చెంప మీద చలికి కమిలిన గుండ్రటి మచ్చ.

"నడవగలవా?" అన్నారు.

మంచు మీద నడిపే స్నోమొబైల్ బండి పొగ బోర్డుకి తగలకూడదు కాబట్టి అక్కడికి నడిచే వెళ్లాలి. ఇళ్లు దాటి, గట్టెక్కి, గట్టు దిగి, ముప్పావుగంట. ఎదురుగాలి. ఏప్రిల్ ఎండలోనే నాకు కళ్ల నుంచి నీళ్లు కారి రెప్పలు అంటుకుపోయాయి. ఆవిడ మధ్యాహ్నం కూడా తెల్లారని నెలల్లో, తలకి లైటు కట్టుకుని, ఎలుగుబంటి భయానికి తుపాకీ భుజాన వేసుకుని, ఇదే దారిన వారం వారం నడిచారు.

బోర్డు దగ్గర గాలికి ఎదురుగా నిలబడి, కొత్త గ్లోవ్స్ వేసుకుని, మంచు తీస్తూ చెప్పారు.

"ముందు మా ఇంటి వెనకే ఉండేది. మీ వాళ్లకి నా కుక్కలు దొరికాయట అందులో." నవ్వలేదు. "మా అమ్మ తాగేనీళ్లకి మంచు తెచ్చే చోట కుక్క అడుగు పడనిచ్చేది కాదు. ఆవిడ చేతికింద పెరిగాను నేను. ఆ ఉత్తరం ఇంట్లో ఎవరికీ చూపించలేదు."

తిరిగి ముప్పావుగంటా ఆవిడ అడుగుల్లో అడుగులు వేస్తూ నడిచాను. వంటింట్లో బూట్లు విప్పి, ఆవిడ టీ పెడుతుంటే, వెనక నుంచి ఆవిడ వీపుకి చెప్పాను.

"అది కుక్కలు కాదండీ. నేను. మూతలు వదులు చేసి పెట్టి, పక్కనే అమోనియా క్లీనర్‌తో అద్దం తుడిచాను."

ఆవిడ తిరగలేదు. "అప్పుడే తెలుసా నీకు?"

"మర్నాడే తెలిసింది."

"రెండు చలికాలాలు" అన్నారు, లెక్క సరిచూసుకుంటున్నట్టు. కెటిల్ మరిగింది. టీ నా ముందు పెట్టారు. పర్వాలేదు అనలేదు. నేను దానికోసమే చూస్తున్నానని నాకే తెలిసి తల దించుకున్నాను.

"మీ ప్రొఫెసర్‌కి నువ్వే చెప్పు. ఆ ఉత్తరం రాసింది ఆయన. ఇంకో ఉత్తరం కూడా ఆయనే రాయాలి. అది మా వాళ్లందరికీ చూపిస్తాను."

తిరిగొచ్చిన మొదటి ఉదయమే చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కుక్కల మాట ఎత్తింది నేనే" అన్నారు. నన్ను తప్పించే మాట కాదది. ఆయన వంతు ఆయన తీసుకున్నారు. కంప్యూటర్‌లో ఆ నాలుగు బాటిళ్ల ఎదురుగా "ల్యాబ్‌లో జరిగిన తప్పు" అని నా చేతే రాయించారు. ఉద్యోగం పోలేదు. ఆరు నెలలపాటు నేను చేసిన ప్రతి శాంపిల్‌నీ ఇంకొకరు పక్కన నిలబడి చూశారు. అది న్యాయమే.

ఉత్తరం వెళ్లింది. అందులో బోర్డును మళ్లీ ఇంటి వెనక్కి తెచ్చుకోమని కూడా రాశారు. ఆవిడ ఒప్పుకోలేదు. చోటు మారిస్తే ఈ రెండు చలికాలాల మంచుకీ రాబోయే మంచుకీ పోలిక తెగిపోతుందని, ఆ సంగతి మాకు తెలియదా అని అడిగారు. తెలుసు.

ఆ బోర్డు ఇప్పటికీ గట్టు అవతలే ఉంది. పొద్దున్నే టొరంటో రైలెక్కి కూర్చోగానే ఫోన్‌లో మిల్టన్ కంటే ముందు ఆ ఊరి వాతావరణం చూస్తాను. ఈ మంగళవారం మైనస్ ముప్పై ఎనిమిది, ఎదురుగాలి. మంగళవారమే ఆవిడ మంచు తీసే రోజు.