దండారి ఊళ్ళో నా గుండెదడ

నేను కరీంనగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మొన్న వానాకాలంలో ఒకరోజు పాఠం మధ్యలో నోరు పెగల్లేదు. క్లాసంతా నా వంకే చూస్తోంది, గుండె దడదడలాడుతోంది, చేతులు చల్లబడ్డాయి. ఏం చెప్పకుండా మెట్లు దిగి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండె బాగానే ఉంది, ఇది ఒత్తిడి అని మందు రాసి సెలవు పెట్టమన్నారు. ఇక సలహాలకు కొదవా? ఒకరు ప్రాణాయామం, ఒకరు రాగిజావ, మా ఆయన ఫోన్‌లో గంట కొట్టే ధ్యానం. ఆ గంట మోగితే నాకు శాంతి రాలేదు గానీ పక్కింటి కుక్క మొరిగేది. దీపావళితో సెలవు అయిపోతుంది. మళ్ళీ ఆ క్లాసులో నిలబడగలనా, లేక ఉద్యోగమే వదిలేయాలా? ఇదే తేలక నలిగిపోతుంటే గంగుబాయి ఫోన్ చేసింది. చదువుకునే రోజుల్లో హాస్టల్లో నా గదిలో ఉన్న గోండు పిల్ల, ఇప్పుడు ఉట్నూర్ దగ్గర తన ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. "ఇంట్ల కూసోని ఏం జేస్తవే శ్యామలా? మా ఊళ్ళె దండారి నడుస్తున్నది, రా" అంది.

పొద్దున ఆరింటికి లక్సెట్టిపేట బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ లేదు. మగవాళ్ళు మాత్రం రానూపోనూ ఐదారు వందలు దగ్గర పెట్టుకోండి. రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్సెట్టిపేటలో దిగి, ఉట్నూర్ బస్సు పట్టుకోవాలి. జన్నారం దాటిందో లేదో టేకు అడవి మొదలైంది. చేటలంత ఆకుల సందుల్లోంచి ఎండ దిగుతోంది. ఎంతసేపు పోయినా అడవే. అబ్బ, మన జిల్లాలకు ఇంత దగ్గర్లో ఇంత అడవి పెట్టుకుని నేను గదిలో పడుకుని ఫ్యాను చూస్తున్నానా అనిపించింది. పదకొండు దాటాక ఉట్నూర్‌లో దిగాను. అక్కణ్ణుంచి షేర్ ఆటోకి మనిషికి యాభై. డ్రైవరు నా వాలకం చూసి, "పరేషాన్ గాకుండ్రి మేడం, తొవ్వ జర ఖరాబున్నది గని నేను నిమ్మళంగ తోల్త" అన్నాడు. ఆయన నిమ్మళం ఏపాటిదో నా నడుముకు తెలుసు.

దండారి గోండుల దీపావళి పండుగ. ఒక ఊరి ఆటగాళ్ళు ఇంకో ఊరికి చుట్టాలుగా వస్తారు. ఆ ఊరివాళ్ళు వాళ్ళ కాళ్ళు కడిగి, వండిపెట్టి, కలిసి ఆడతారు. ఆటకు ముందుండేవాళ్ళు గుస్సాడీలు. నేను ఆటో దిగేసరికి గంగుబాయి ఊళ్ళో ఆటకు అంతా సిద్ధంగా ఉన్నారు, ఆమె అన్న కూడా గుస్సాడీయే. ఒళ్ళంతా బూడిద, భుజాన తోలు, నడుముకు గజ్జెలు, చేతిలో కర్ర, తల మీద గంపంత నెమలి ఈకల టోపీ. డప్పులు మోగగానే వాళ్ళంతా ఒక్కసారి తలలు తిప్పారు. వందల నెమలి కన్నులు ఎండలో గిర్రున తిరిగాయి. ఆ మోతకు నా పక్కటెముకలు అదిరాయి. అమ్మో! ఒళ్ళు జలదరించి, ఎందుకో తెలియకుండానే ఏడుపొచ్చింది. పక్కనే గంగుబాయి సొంత అన్న కాళ్ళకు వంగి మొక్కింది.

ఆట కాసేపు ఆగినప్పుడు ఆయన మా ముందు నేల మీద కూర్చున్నాడు. బూడిద మీదుగా చెమట కళ్ళలోకి కారుతోంది. నాకు మనసాగలేదు. చేతిరుమాలు నీళ్ళతో తడిపి, "అన్నా, జర మొకం తుడుచుకో" అంటూ దగ్గరికి చాచాను. పక్కనున్న ముసలవ్వ చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. ఊరు ఊరంతా నన్నే చూస్తోంది.

"గిదేం పనే శ్యామలా!" గంగుబాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గాయన ఇప్పుడు మా అన్న గాదు, దేవుడు. దండారి ఒడిసేదాక తానం జెయ్యడు. బూడిద కడిగితే దీక్ష పోతదే!"

మళ్ళీ అదే దడ, అవే చల్లటి చేతులు. పారిపోదామంటే సాయంత్రం దాకా ఆటో లేదు.

గుస్సాడీ లేచి నన్ను చూశాడు. "గామె ఎందుకు వణుకుతున్నది?"

"గామెకు గుండెదడ, దేవా. మంది సూస్తే భయమైతది" అంది గంగుబాయి.

"సూడనియ్యి! మంది సూసెతందుకే గదా నేను గిన్ని ఈకలు వెట్టుకున్న!"

ఊరంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వుతూనే తన కర్ర నా భుజానికి తాకించాడు. అది తగిలితే రోగం పోతుందని వాళ్ళ నమ్మకం. డప్పులు మళ్ళీ అందుకున్నాయి. ముసలవ్వ పట్టిన మణికట్టు వదలకుండా నన్ను ఆడవాళ్ళ వరుసలోకి లాక్కుపోయింది. ఒట్టేసి చెబుతున్నాను, దడ తగ్గలేదు. కొట్టుకుంటూనే ఉంది, నేను అడుగు తప్పుతూ, పక్కామె కాలు తొక్కుతూ ఆడుతూనే ఉన్నాను. ఆట అయ్యాక జొన్నరొట్టె, పప్పు పెట్టారు. చాలా రోజుల తర్వాత ఆకలేసి తిన్నాను.

ఇన్నాళ్ళూ దడ పోయాకే బతుకు మొదలుపెట్టాలని కూర్చున్నాను. దడ ఉండగానే ఆడవచ్చని ఆ ఊళ్ళో తెలిసింది. మందు మానలేదు, డాక్టరు చెప్పేదాకా మానను కూడా. మీరు వెళ్ళేటట్లయితే ఒక్క మాట: తెలిసినవాళ్ళ ద్వారా ముందే అడిగి, రాత్రికి అక్కడే ఉండేలా వెళ్ళండి, చీకటి పడ్డాక వెనక్కి బస్సు దొరకడం కష్టం.

పండుగయ్యాక క్లాసుకు వెళ్ళాను. ఘర్షణ పాఠం సగంలో మళ్ళీ నోరు పెగల్లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. తలుపు వైపు చూశాను గానీ కదల్లేదు. "నాకు గుండెదడగా ఉంది, కాసేపు ఆగి చెబుతాను" అన్నాను. ముందు బెంచీలో ఒకమ్మాయి మెల్లగా చెయ్యెత్తి, "నాక్కూడ గట్లనే అయితది మేడం" అంది. వెనక బెంచీలో ఇంకో చెయ్యి లేచింది.