పన్నెండు కాళ్లు ఠీక్

నవంబర్ మూడో వారంలో పోస్టుకు చేరాను. సమయం ఉదయం పదకొండు నలభై. ఎత్తు పదిహేడు వేల అడుగుల పైన. వీపు మీద ఇరవై రెండు కిలోలు. కింది క్యాంపు నుంచి తాడు పట్టుకుని ఆరు గంటల నడక. పోస్టు అంటే మంచులో సగం పూడిన రెండు గుడిసెలు, ఒక కిరోసిన్ పొయ్యి, ఒక యాంటెన్నా. ఊరి పేరు అడగకండి. ఊరుంటే కదా పేరుండడానికి.

శత్రువు ఎదుటి గుట్ట మీద ఉన్నాడని చెప్పారు. నేనున్నన్నాళ్లూ ఒక్కసారి కూడా కనిపించలేదు. వాళ్లూ కాళ్లే చూసుకుంటున్నారేమో.

మొత్తం ఆరుగురం. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్, నాందేడ్ వైపు నుంచి వచ్చిన నర్సింగ్ అసిస్టెంట్, వంటవాడు, మెషిన్‌గన్ చూసుకునేవాడు, రేడియో ఆపరేటర్, నేను. నిజామాబాద్‌లో డిగ్రీ చదివానని తెలియగానే సాబ్ నాకు తగిన పని అప్పగించారు. కాళ్ల రిజిస్టర్ రాయడం.

రోజూ సాయంత్రం నాలుగు గంటలకు కాళ్ల తనిఖీ. ఎవరి కాళ్లు వాళ్లు చూసుకోకూడదు, జోడీవాడు చూడాలి. మూడు జతల మేజోళ్లు విప్పాలి. పాదం ఒట్టి చేతుల్లోకి తీసుకోవాలి. గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావాలి. వేళ్ల మధ్య తడి ఉండకూడదు. చలికి మొద్దుబారిన వేలు నొప్పి పుట్టించదు. మన కాలే మనకు అబద్ధం చెబుతుంది, అందుకే పక్కవాడి చెయ్యి కావాలి. నాలుగున్నరకు కింది క్యాంపుకు రేడియోలో రెండే మాటలు: “పన్నెండు ఠీక్.”

నా జోడీ రేడియో ఆపరేటర్. నాకన్నా ఆరేళ్లు చిన్న. మా జిల్లావాడే.

“ఏ ఊరన్నా మీది?”

“కోటగిరి.”

“మాది చందూరు. మా చిన్నమ్మను కోటగిరికే ఇచ్చిండ్రు. ఇగ నువ్వు నాకు వరసకు అన్నవే.”

అంత ఎత్తులో, అంత చలిలో వరస కలపడం మనవాళ్లకే చేతనవుతుంది. నాకూ బాగానే అనిపించింది. దాని ఖరీదు అప్పుడు తెలియదు.

మొదటి సాయంత్రం నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు రుద్దాడు. “గివి కాళ్లా అన్నా, చెరుకు గడలా? బోధన్ల షుగర్ ఫ్యాక్టరీ లారీకెక్కియ్యొచ్చు” అన్నాడు. నా వంతు రాగానే తన కాళ్లు ముడుచుకున్నాడు.

“వద్దన్నా. పెద్దోనితోని కాళ్లు పట్టిచ్చుకుంటనా? పాపం తాకుతది.”

“ఇది ఆర్డర్‌రా.”

“ఆర్డర్ రాసినోళ్లకు మన కత తెల్వదు. నేనే నొక్కుకుంట, నువ్వు సూడు.”

రాజీ పడ్డాం. మూరెడు దూరంలో కాలు చాచి, గోరు తనే నొక్కుకునేవాడు. నేను టార్చి వేసి చూసేవాణ్ణి. ‘ఒట్టి చేతులతో’ అని నియమాల కాగితంలో స్పష్టంగా ఉంది. చదువుకున్నవాణ్ణి కనుక అది చదివాను కూడా. చదివి, ‘ఠీక్’ అని రాశాను.

జనవరి రెండో వారంలో మంచు తుఫాను పట్టుకుంది. మూడు రోజులు. బయట మైనస్ ముప్పై. రెండు గంటలకోసారి ఆపరేటర్ వెళ్లి యాంటెన్నా మీద గడ్డకట్టిన మంచు కొట్టి రావాలి. నేను, వంటవాడు తలుపు ముందు దారి తవ్వాలి. తవ్వి వచ్చేసరికి వెనక మళ్లీ పూడేది.

మొదటి రోజు నాలుగింటికి నేను స్లీపింగ్ బ్యాగ్‌లో ఉన్నాను. లేవాలనిపించలేదు. టార్చి కూడా తీయలేదు.

“చూసుకున్నవా రా?”

“సూస్కున్న అన్నా. మంచిగున్నయి.”

రెండో రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడో రోజు నేను అడగకముందే అతనే అన్నాడు.

“నిన్న కుడికాలు మంట మంట ఉండెనన్నా. ఇయ్యాల అస్సలు నొప్పే లేదు.”

“మంచిదే కదా” అన్నాను.

ఆ మాట అన్నది నేనే. నొప్పి పోయిందంటే భయపడాలని వచ్చిన వారంలోనే నేర్పించారు నాకు. రిజిస్టర్‌లో రాశాను. అతని గొంతుతోనే కిందికి వెళ్లింది: “పన్నెండు ఠీక్.”

మరునాడు ఉదయం ఎనిమిదికి ఆపరేటర్ లేచి నిలబడబోయి కూలబడ్డాడు. నవ్వాడు కూడా. నర్సింగ్ అసిస్టెంట్ నవ్వలేదు. కత్తెరతో మేజోళ్లు కోశాడు. మాది పసుపు పండించే జిల్లా. ఉడకబెట్టి ఆరబోసిన కొమ్ములు పాలిష్ పట్టకముందు ముడతలు పడి, మట్టిరంగులో గట్టిగా ఉంటాయి. కుడికాలి వేళ్ల గురించి అంతకన్నా చెప్పను.

నర్సింగ్ అసిస్టెంట్ నా వైపు తిరిగి హిందీలో అడిగాడు. “రోజూ చూశావా?”

“చూశాను.”

“సూసిండు” అన్నాడు ఆపరేటర్, తెలుగులోనే. అబద్ధానికి సాక్ష్యం కూడా దొరికింది.

మబ్బు విడవడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత హెలికాప్టర్ వచ్చి ఆపరేటర్‌ను తీసుకెళ్లింది. ఆ సాయంత్రం రేడియోలో నేనే మాట్లాడాను: “పది ఠీక్.” అందులో ఎనిమిది నేను పట్టుకుని చూసినవే. నా రెండూ సాబ్ స్వయంగా చూశారు. నేను వద్దనలేదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరైనా ఒంట్లో బాగానే ఉందంటే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాను. మా ఆవిడ దీన్ని అనుమానం జబ్బు అంటుంది. కాదనను. ఫోన్‌లో మీరు “బాగున్నవా?” అంటారు, అవతలివాళ్లు “బాగున్న” అంటారు. నేను రాసిన రిజిస్టర్ కూడా అంతే.

ఆ ఏడు సెలవు జూలైలో దొరికింది. నిజామాబాద్ స్టేషన్లో దిగి బోధన్ బస్సెక్కాను. ఇంట్లో రెండు రోజులున్నాను. మూడో రోజు చందూరు పోయాను. ఆసుపత్రిలో వేళ్లు తీసేశారని, పాదంలో ముందు భాగం కూడా కొంత పోయిందని ముందే తెలుసు. బస్సులో ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. నాట్లు పడుతున్నాయి. ఆపరేటర్, వాళ్ల నాన్న పొలం దగ్గరే ఉన్నారు.

“నువ్వేనా మావోని జోడివి?” అన్నాడు ఆయన.

ఉపన్యాసం మర్చిపోయాను. “నేనే బాపు. మూడు దినాలు నేను వీని కాళ్లు సూడలే. సూసిన్నని రాసిన.”

“నేనే సూడనియ్యలే బాపు” అన్నాడు ఆపరేటర్. “అన్న తప్పేం లేదు.”

ఆయన చేతికంటిన బురద తువ్వాలకు తుడుచుకున్నాడు. తొందరపడలేదు.

“వాడు సూడనియ్యకుంటే? నువ్వు వానికి అన్నవు గాదా? రెండు సరిసి, కాలు గుంజి సూడొద్దా?”

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికయ్యేది. “ఎండకొచ్చినవు, బువ్వ తిని పో” అని కూడా అన్నాడు.

అంతలో ఎగువ మడిలోంచి నీళ్లు వదలాలని ఆపరేటర్ చెప్పులిడిచి మెత్తటి గట్టు మీద ముందు నడిచాడు. వెనక నేను. పొద్దున కురిసిన వానకు గట్టు అంతా బురద. ఎడమకాలి గుర్తులో ఐదు వేళ్లూ విడివిడిగా పడ్డాయి. కుడికాలిది లోతైన మడమ, ముందు మొండి గుండ్రం. వాటిలోకి మెల్లగా నీళ్లు ఊరుతున్నాయి.

ఒక్క మనిషి పట్టేంత గట్టు. ఆ గుర్తులు తొక్కకుండా ముందుకు పోవడానికి చోటు లేదు. అతను మడి చివర దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసేవరకూ నేను అక్కడే నిలబడి ఉన్నాను.